ఊరికే ఎక్కే పడవ

మొన్న ఆదివారం సాయంత్రం మనవరాలు నన్ను బలవంతాన పెన్న ఒడ్డుకు తీసుకుపోయింది. ఊరి పక్కన నీళ్ళు నిలబడుతున్నాయి కాబట్టి అక్కడ ఇప్పుడు పడవ షికార్లు పెట్టారు. రంగురంగుల ప్లాస్టిక్ పడవలు, నారింజరంగు జాకెట్లు, చెవులు చిల్లులు పడేలా మైకులో పాటలు, గట్టు పొడుగునా కాల్చిన మొక్కజొన్న కంకుల పొగ. నీటి అంచున గుర్రపుడెక్క, దాని వెనకాల మురిక్కాలవ వాసన. ఇంత సంబరం ఆ వాసనలోనే జరుగుతోంది.

"ఒక్క రౌండు పోయొద్దాం రా అమ్మమ్మా" అంది మనవరాలు.

"ఎందుకే?"

"ఎందుకేంది? ఊరికే."

ఆ పిల్ల మామూలుగానే అంది. నాకే ఒళ్ళు మండింది. అప్పుడే వెళ్తున్న పడవలో కొత్తగా పెళ్ళయిన అమ్మాయి ఒకతె కాళ్ళు ముందుకు చాపుకుని, నీళ్ళలో చెయ్యి ఆడిస్తూ కూర్చుంది. మొగుడు ఆమెను ఫోనులో తీస్తున్నాడు. ఎక్కడికి పోతున్నావు, ఏం పని మీద పోతున్నావు అని ఆమెను ఎవరూ అడగలేదు. మోకాళ్ళ నొప్పులని చెప్పి నేను గట్టు మీద సిమెంటు బల్ల మీద కూలబడ్డాను. మోకాళ్ళు బాగానే ఉన్నాయి. ఆమెను చూస్తే సంతోషించాలి కదా, పెద్దదాన్ని. సంతోషం రాలేదు. అమ్మ గుర్తొచ్చింది.

మా చిన్నప్పుడు మా ఇల్లు నెల్లూరులో పెన్న గట్టునే ఉండేది. వెనక తలుపు తీస్తే కొబ్బరిచెట్లు, బట్టలుతికే బండ, ఆ కింద నాలుగు రాతి మెట్లు, తర్వాత నీళ్ళు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే కనిపించేది. వానలు పడి ఆనకట్ట నిండాక మాత్రం, ముసురు వదిలిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా, నది నిండుగా, కదలకుండా ఉండేది. ఆ నెలల్లో మా ఇంటి మగవాళ్ళకు ఆదివారాలు ఉండేవి. ఆడవాళ్ళకు ఆ ముందుండే శనివారాలు ఉండేవి.

నాయనకు ఊళ్ళో వడ్ల మిల్లు, బయట వరి పండే కయ్యలు. ఆయన, ఆయన స్నేహితులు ఆదివారం పొద్దున్నే పడవ మాట్లాడుకుని షికారుకు పోయేవాళ్ళు. వారమంతా గడ్డిమోపులు, కట్టెలు మోసే పడవే అది. శనివారం సాయంత్రం మా ఇంటి మెట్ల దగ్గరికి తెచ్చి కడిగేవాళ్ళు. ఆదివారం దాని మీద జంపఖానా పరిచి, బాలీసులు వేసి, మధ్యలో ట్రాన్సిస్టరు పెట్టేవాళ్ళు. ఎగువకు పోయి, అవతలి ఒడ్డు దగ్గర ఇసుకదిబ్బ మీద దిగి, పేకాడుకుని, తిని, నిద్రపోయి, సందకాడ తిరిగొచ్చేవాళ్ళు. దీనికి షికారని పేరు. వచ్చాక ఒళ్ళు నొప్పులని కాళ్ళు పట్టించుకునేవాళ్ళు కూడా.

ఆ షికారు మొత్తం అమ్మ చేతుల్లోంచి పుట్టేది. చేపల పులుసు ముందురోజు కాస్తేనే రుచి కనక శనివారం మధ్యాహ్నమే చేపలు వచ్చేవి. అమ్మ వాటిని బూడిద రాసి, బండ మీద తోమి, ఉప్పేసి కడిగేది. పులుసు మట్టిచట్టిలోనే కాచేది. మెంతులు వేగిన వాసన, చింతపండు మరిగే వాసన, కట్టెల పొగ కలిసి మా బట్టలకు పట్టుకుని సోమవారం బళ్ళోకి కూడా వచ్చేవి. తెల్లారకముందే పులిహోర, అలసంద వడలు, అల్లం వేసిన పెరుగన్నం. మా తమ్ముడు, నేను వడల పళ్ళెం చుట్టూ తిరిగి, ఒకరు దగ్గు నటిస్తే ఇంకొకరు వడ లాగేవాళ్ళం. అమ్మ చూసీ చూడనట్టు ఉండేది. తీసుకొచ్చిన రెండు వడల్లో ఒకటి ఆమె నోట్లోనే పెట్టేవాళ్ళం, ఎందుకంటే అప్పటికి ఆమె ఏమీ తిని ఉండేది కాదు.

అన్నీ సర్దాక అమ్మ ఆ చట్టిని నెత్తిన పాతచీర చుట్టకుదురు మీద పెట్టుకుని మెట్లు దిగేది. చివరి మెట్టు మీద, పాదాలు తడిసేలా నిలబడి, పడవలో ఉన్న నాయనకు అందించేది. నాయన అందుకునేవాడు. "ఉప్పు చూసినావా?" అని అడిగేవాడు. పడవవాడు గెడ వేసి నెట్టేవాడు. అమ్మ ఆ తడి మెట్టు మీదే కొంచెంసేపు ఉండిపోయేది.

అమ్మ పుట్టిల్లు అవతలి ఒడ్డున, కాస్త ఎగువన. మా మిద్దె ఎక్కితే ఆ ఊరి తాటితోపు గీతలాగా కనిపించేది. ఇంత దగ్గర ఊరికి అమ్మ ఏడాదికొకసారి, వంతెన మీదుగా బస్సులో, జేజి ఒప్పుకుంటే పోయేది. జేజి అంటే నాయన తల్లి. మా ఇంట్లో ఉప్పు డబ్బా మూత తియ్యాలన్నా జేజి ఒప్పుకోవాలి.

నాకు తొమ్మిదేళ్ళు ఉంటాయేమో, ఒక ఆదివారం నాయన మంచి హుషారులో ఉండి నన్నూ తమ్ముణ్ణీ పడవలోకి ఎక్కించాడు. పిల్లలకు షికారు కూడదని ఎవరూ అనలేదు, ఆడపిల్లకు కూడా ఆ వయసు దాకా ఫరవాలేదు. పడవ అమ్మ వాళ్ళ ఊరికి ఎదురుగా వచ్చేసరికి రేవులో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మోకాళ్ళ పైకి కట్టిన పంచె, తలకు తువ్వాలు. మా తాత, అమ్మ వాళ్ళ నాయన. ట్రాన్సిస్టరు పాట నీళ్ళ మీద చాలా దూరానికి వినిపించేది కనక, ఆదివారాల్లో ఆ పాట వినగానే ఆయన రేవుకు వచ్చేవాడట. నాకా సంగతి ఆరోజే తెలిసింది.

తాత నడుముల్లోతు నీళ్ళలోకి దిగి పడవ అంచు పట్టుకున్నాడు. మా ఇద్దరి బుగ్గలూ నిమిరి, తలెత్తి పడవంతా చూశాడు.

"మా అమ్మణ్ణి రాలేదా అబ్బయ్యా?"

"ఆమెకి ఇంట్లో పనుండాది మామా" అన్నాడు నాయన, చేతిలో ముక్కలు సర్దుకుంటూ.

"అట్నా. ఈతూరి తీసకరా నాయనా. పడవలో చోటుంటది గదా."

"అట్నే మామా."

చోటు ఉంది. నా పక్కన బాలీసుకే ఒక మనిషంత చోటు ఇచ్చారు.

ఇంటికొచ్చి ఇదంతా అమ్మకు చెప్పాను. ఆమె అంట్లు తోముతూ ఉంది. తోమడం ఆపి, బూడిద చేతులతో నన్ను దగ్గరకు లాక్కుంది. "ఏమన్నాడు? మళ్ళీ చెప్పు. తువ్వాలు కట్టుకోనుండాడా? దగ్గుతుండాడా?" అని గుచ్చి గుచ్చి అడిగింది. తర్వాత తనలో తాను అనుకున్నట్టు అంది: "చిన్నప్పట్నించీ గట్టు మీద నిలబడి పడవల్ని చూసినాం మేము. పడవలో నించి మా గట్టు ఎట్టుంటదో ఒక్కతూరన్నా చూళ్ళా నేను."

అంతే ఆమె కోరిక. నగ కాదు, చీర కాదు. నీళ్ళ మీద నుంచి తన ఊరు ఎలా ఉంటుందో చూడాలి, రేవులో నిలబడ్డ తండ్రికి పడవలో కనబడాలి.

ఆ వారంలోనే ధైర్యం తెచ్చుకుని అడిగింది. నాయన అన్నం తింటున్నాడు, జేజి పక్కన పీట మీద కూర్చుని విసురుతోంది.

"ఇదో, ఈ ఆదివారం నేనూ పడవలో రానా?"

నాయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. జేజి విసనకర్ర ఆపింది.

"ఏం పని మీద?"

"పనేం లేదత్తా. ఊరికే."

"ఊరికేనా" అని జేజి ఆ మాటను అంగట్లో పుచ్చు వంకాయను తిప్పి చూసినట్టు చూసింది. "ఆడది గడప దాటాలంటే ఒక పనుండాల మే. పురుటికి పో, ఎవరొద్దన్నారు. మొక్కుబడికి పో. చావుకి పో. ఊరికే పోయేదేంది? మొగోళ్ళ మధ్యలో బాలీసు మీద కూర్చోని ఊరికే పోతుంటే చూసినోళ్ళు ఏమనుకుంటారు?"

అమ్మ నాయన వైపు చూసింది. నాయన మజ్జిగ పొయ్యమన్నాడు. చేతులు కడుక్కుంటూ మాత్రం, జేజికి వినపడకుండా, "వచ్చే ఆదివారం చూద్దాంలే" అన్నాడు.

ఆ మాట పట్టుకుని అమ్మ ఎన్ని ఆదివారాలు ఎదురుచూసిందో నాకు లెక్క లేదు. మాట మంచిదే, నాయన దాన్ని ప్రతి వారమూ వాడుకున్నాడు. ఒక ఆదివారమైతే ఆమె వంటంతా చీకటితోనే ముగించి, తలంటుకుని, ఆకుపచ్చ చీర కట్టుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని మెట్ల మీదికి వచ్చింది. జేజి ఆరోజు చుట్టాలింటికి పోయి ఉంది, అదే ధైర్యం. నాయన ఆమెను చూశాడు, చీరను చూశాడు, స్నేహితుల వైపు చూశాడు. వాళ్ళలో ఒకాయన ఆరోజు కొత్తగా గ్రామఫోను పెట్టె తెచ్చాడు.

"ఈతూరికి చోటు లేదు మే. పెట్టె వచ్చింది గదా" అన్నాడు నాయన.

అమ్మ చట్టి అందించింది. పడవ కదిలింది. గ్రామఫోను పాడుతూ పోయింది. ఆమె ఆ చీరతోనే వచ్చి అంట్ల ముందు కూర్చుంది. నాకు ఇప్పటికీ గ్రామఫోను పెట్టె అంటే అసహ్యం. ఎవరింట్లోనైనా అలంకారానికి పెట్టుకుని మురిసిపోతుంటే లేచి వచ్చేస్తాను.

ఆ మధ్యాహ్నమే మా తమ్ముడికి ఒక ఆలోచన వచ్చింది. వసారాలో నులకమంచం ఉంది. ఇద్దరం కలిసి దాన్ని బోర్లా వేశాం. కాళ్ళు నాలుగూ పైకి లేచి, మధ్యలో గుంట పడి, అచ్చం పడవే. రోకలి గెడ అయింది. అమ్మను చెయ్యి పట్టి లాక్కొచ్చి అందులో కూర్చోబెట్టాం. ఆమె మొదట ఒప్పుకోలేదు, తర్వాత చీర కుచ్చిళ్ళు పొదువుకుని, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. తమ్ముడు రోకలితో గచ్చును నెట్టుతున్నాడు. నేను నోటితో పాట పెట్టాను.

"యాడికి పోతుండాం మనం?" అంది అమ్మ.

"ఊరికే" అన్నాడు తమ్ముడు.

అమ్మ నవ్వింది. పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకోకుండా నవ్వడం అప్పుడే చూశాను. "అదో, మా తాటితోపు. అదో, రేవు. కొంచెం పక్కకి తిప్పు నాయనా, తాతకి కనబడాల" అంటూ చూరులోకి చూపించింది. మేమూ చూశాం, మాకూ కనబడ్డట్టే ఉంది.

జేజి ఎప్పుడొచ్చిందో తెలియదు. గడపలో నిలబడి ఉంది. పిల్లల మీద కాదు, అమ్మ మీదే విరుచుకుపడింది.

"నిక్షేపంలాంటి ఇంట్లో మంచం బోర్లేస్తారా? బుద్ధుండాల్నా వద్దా? పిల్లకాయలకి తెలీదు, నీకు తెలీదా? శవాన్ని లేపినాక గదమ్మే మంచం బోర్లేసేది."

అమ్మ లేచిన తీరు నాకు కళ్ళకు కట్టినట్టు ఉంది. తప్పు చేసిన పిల్లలాగా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. తర్వాత తనే మంచాన్ని తిరగేసి, పసుపునీళ్ళు చల్లింది. పువ్వులు తీసేసి చెట్టు మొదట్లో వేసింది.

ఆ ఏడు వెళ్ళి, మరుసటి వానాకాలం వచ్చింది. పెన్నకు పెద్ద వరద వచ్చింది. మా మెట్లన్నీ మునిగి, నీళ్ళు బట్టల బండ దాకా వచ్చాయి. వరద తీశాక చూస్తే వంతెన అవతల రోడ్డు తెగిపోయి బస్సులు లేవు. ఒకరోజు పొద్దున్నే ఎగువ నుంచి ఒక పడవ వచ్చి మా మెట్ల దగ్గర ఆగింది. అమ్మ వాళ్ళ ఊరి మనిషి దిగి, పెరట్లోనే నిలబడి నాయనతో చెప్పాడు.

"మీ మామ తెల్లారుజామున పోయినాడన్నా. అమ్మణ్ణి కోసం ఉంచినారు. బిన్నా రావాల, ఆలస్యం చెయ్యబాకండి."

వంటింట్లో అమ్మ చేతిలోంచి చెంబు పడింది. ఆ చప్పుడుకు నేను పరిగెత్తాను.

అప్పుడు మా ఇంట్లో ఏ పనీ అడ్డం రాలేదు. "ఎక్కమ్మా, ఎక్కు. పొయ్యి సంగతి నేను చూసుకుంటా" అంది జేజి. చోటు లేదని ఎవరూ అనలేదు. పడవ ఖాళీగానే ఉంది. నాయన ముందు తను ఎక్కి, చెయ్యి చాచి, అమ్మను జాగ్రత్తగా ఎక్కించాడు. అన్ని ఆదివారాలూ ఆ చెయ్యి చట్టినే అందుకుంది.

తమ్ముణ్ణి జేజి దగ్గర వదిలి నన్ను తీసుకుపోయారు. నీళ్ళు ఎర్రమట్టి రంగులో ఉన్నాయి. విరిగిన కొమ్మలు, గడ్డివాముల ముక్కలు పక్కనుంచి పోతున్నాయి. అమ్మ పడవ మధ్యలో, మోకాళ్ళ మీద తల పెట్టుకుని, కొంగు నిండా కప్పుకుని ముద్దగా కూర్చుంది. ఏడుపు కూడా వినపడటం లేదు, వీపు మాత్రం కదులుతోంది.

మలుపు తిరిగాక ఆ ఊరు కనిపించింది. వరద కడిగేసిన తాటితోపు నల్లగా మెరుస్తోంది. దాని కింద రెల్లుపొద, రేవులో సగం మునిగిన రాళ్ళు, వెనక వరసగా పూరిళ్ళు, ఒక్కొక్క కప్పు మీంచీ లేస్తున్న పొయ్యి పొగ, ఆ వెనకాల పచ్చటి కయ్యలు. గట్టు మీద నుంచి చూస్తే ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. నీళ్ళ మీద నుంచి చూస్తే మెట్లుమెట్లుగా పేర్చినట్టు అన్నీ ఒక్కసారిగా కనబడ్డాయి. చాలా అందంగా ఉంది. చావుకు పోతూ అందమని అనుకోవడం నాకే సిగ్గనిపించింది.

"అమ్మా, మీ ఊరు" అని మెల్లిగా కొంగు లాగాను.

ఆమె తల ఎత్తలేదు.

"అమ్మా, ఒక్కతూరి చూడు."

నాయన నా చెయ్యి పట్టుకుని ఊరుకోమన్నట్టు నొక్కాడు. రేవులో చాలామంది నిలబడి ఉన్నారు. పాట వినగానే వచ్చే మనిషి మాత్రం లేడు. పడవ రాళ్ళకు తగిలాక, ఎవరో ఆడవాళ్ళు వచ్చి చేతులు వేస్తే అప్పుడు అమ్మ లేచింది, కళ్ళు మూసుకునే గట్టు ఎక్కింది.

కర్మ ముగిసి మేము తిరిగొచ్చేసరికి రోడ్డు బాగయింది. బస్సులోనే వచ్చాం. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పలకరించడానికి వచ్చి వసారాలో కూర్చున్నారు. జేజి వాళ్ళకు మంచం సంగతి చెప్పింది. మంచం బోర్లేసి ఊరేగారనీ, ఇట్టాంటివి ఊరికే పోవనీ చెప్పింది. తర్వాత అమ్మ వైపు తిరిగి, తిట్టినట్టు కూడా కాదు, మామూలుగా, తమలపాకుకు సున్నం రాస్తూ అంది:

"పడవెక్కాల, పడవెక్కాలని ఒకటే పోరు పెట్టినావు గదమ్మే. ఎక్కినావు గదా."

నాయన అక్కడే కుర్చీలో ఉన్నాడు. ఆయన విన్నాడు. ఆ మాటకు ఆయన ఏదైనా అంటాడని నేను ఆయన నోటి వైపే చూస్తున్నాను. ఆయన లేచి మిల్లుకు పోయాడు. జేజిని నేను ఎప్పుడో క్షమించాను, ఆమె కూడా ఊరికే ఎక్కడికీ పోకుండానే చచ్చిపోయింది. నాయన్ను మాత్రం, ఆయన నన్నెంత ముద్దుగా పెంచినా, ఆ కుర్చీలోంచి లేచిపోయినందుకు క్షమించలేకపోయాను.

ఆ ఏడు నీళ్ళు ఎక్కువ రోజులు నిలిచాయి. మైల పోయాక ఆదివారాలు మళ్ళీ మొదలయ్యాయి. శనివారం చేపలు వచ్చాయి, అమ్మ తోమింది, కాచింది. ఆ మరుసటి ఉదయం పొగమంచు ఇంకా విడిపోలేదు. అమ్మ ఎప్పటిలాగే చట్టి తీసుకుని మెట్లు దిగింది, వెనకాల నేను అరిటాకులు పట్టుకుని దిగాను. నాయన చట్టి అందుకుని బాలీసు పక్కన పెట్టాడు. ఆయనకు ఏం గుర్తొచ్చిందో, జాలి పుట్టిందో, స్నేహితులు ఇంకా రాలేదన్న ధైర్యమో, మళ్ళీ వంగి చెయ్యి చాచాడు.

"రా మే. ఎక్కు. చోటుండాది."

అమ్మ ఆ చేతిని చూసింది. ఆమె గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. నిజంగానే భయపడి అడిగింది.

"ఎవరు పోయినారు?"

నాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. స్నేహితులు వచ్చారు, ట్రాన్సిస్టరు పెట్టారు, పడవ ఎగువకు పోయింది. అమ్మ ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్ళు బతికింది, నది పక్కనే బతికింది, ఏ పడవా ఎక్కలేదు. ఆరోజు పులుసు బాగా కుదిరిందని అందరూ అన్నారట.